సికింద్రాబాద్‌లో పొగాకు నియంత్రణ

సికింద్రాబాద్‌లో పొగాకు అమ్మకాలు, వాడకంపై ఆంక్షలకు 2003 నాటి కేంద్ర చట్టం ‘కోట్పా’ ఆధారం. బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని నిషేధించే సవరించిన నిబంధనలు 2008 అక్టోబరు 2న అమల్లోకి వచ్చాయి. ఉల్లంఘిస్తే రూ.200 వరకు జరిమానా. 18 ఏళ్లలోపు వారికి గానీ, విద్యాసంస్థలకు 100 గజాల లోపు గానీ పొగాకు ఉత్పత్తులు అమ్మరాదు. రైలు పెట్టెల్లో పొగతాగడాన్ని 1989 రైల్వే చట్టంలోని 167వ సెక్షన్ నియంత్రిస్తుంది.

ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలను 2019 చట్టం దేశమంతటా నిషేధించింది. అమ్మినవారికి తొలిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండూ పడవచ్చు. మళ్లీ పట్టుబడితే మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా. హుక్కా కేంద్రాలను నిషేధిస్తూ తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో కోట్పా సవరణ బిల్లును ఆమోదించింది.