నడుం ఎవరిది, బెల్టు ఎవరిది?

తెలుగులో పనికి సిద్ధపడటాన్ని నడుం కట్టడం అంటాం. పట్టుదల ఇంకాస్త ఎక్కువైతే నడుం బిగించడం అంటాం. ఉపన్యాసాల్లో పడి అరిగిపోయిన మాట ఇది. కానీ ఒకప్పుడు నిజంగానే కట్టేవాళ్ళు. పంచె పైకి ఎగగట్టి, తుండుగుడ్డ నడుముకు చుట్టి, లాగి ముడేసి, అందులో కొడవలో కత్తో దోపుకుని పొలానికో అడవికో బయల్దేరేవాళ్ళు. ఆ కట్టుకి మనకు బోలెడు పేర్లు: దట్టీ, నడికట్టు, పటకా. దాని కింద ఒంటిని అంటిపెట్టుకుని మొలతాడు. పంచె అంచు మడతపడి జేబులా తయారయ్యే చోటు రొంటి. మా తాత రొంటిలో చుట్ట, అగ్గిపెట్టె, నాలుగు చిల్లర డబ్బులు ఉండేవి. చీకట్లో కూడా ఏది ఎక్కడుందో ఆయన చేతికి తెలుసు.

ఇప్పుడు ఆన్‌లైన్ అంగళ్ళలో ‘టాక్టికల్ బెల్టు’ అని ఒకటి అమ్ముతున్నారు. నైలాను పట్టీ, బలమైన బకిలు, చుట్టూ సంచులు తగిలించుకునే వరుసలు. నల్లమలలో నడవడానికి వచ్చే మిత్రులు ఏది కొనాలని నన్నడుగుతుంటారు. మాది మార్కాపురం, ఉద్యోగం సాఫ్ట్‌వేరు కాబట్టి అడవీ స్పెసిఫికేషన్లూ రెండూ నాకు తెలుస్తాయని వాళ్ళ నమ్మకం. కొనుగోలు సలహా రెండు పేరాల్లో తేలిపోతుంది. ఆ సలహాలు చదువుతూ పోతే నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే: నడుముకు ఏం కట్టాలో, ఏది ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది ఎవరు? కట్టుకునేవాడా, కట్టబెట్టేవాడా? బెల్టు చరిత్రంతా ఈ ఇద్దరి మధ్యే నడిచింది.

కట్టుకునేవాడి వైపు నుంచి మొదలుపెడదాం. మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళేదారి నల్లమలలోంచే పోతుంది. శ్రీశైలం గుడి ప్రాకారం రాళ్ళమీద విజయనగర కాలపు శిల్పాలు వరసలు తీరి ఉంటాయి. వాటిలో వేట దృశ్యాలు చాలా ఉన్నాయి. ఆ అడవిలో వేటతో, తేనెతో, దుంపలతో బతికిన చెంచుల గురించి ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1943లో ఒక పుస్తకం అచ్చువేశాడు. ఆయన తిరిగింది నది అవతల, నిజాం ఏలుబడిలోని అమ్రాబాదు పీఠభూమిలో. నది ఇవతల పాలుట్ల, చిన్నారుట్ల వైపు ఉన్నదీ ఆ జనమే. విల్లు, అమ్ములు, కత్తి, గడ్డపార లాంటి తవ్వుకోల: వాళ్ళ ఆస్తంతా ఒక మనిషి మోయగలిగినంతే. మోయలేనిది అడవిలో బరువు, అంతకుమించి ఇంకేమీ కాదు.

కొండచరియకు వేలాడే తేనెపట్టు కోసం తాడు పట్టుకుని దిగేటప్పుడు పైన తాడు పట్టుకునేవాడు బావమరిది అయ్యుండాలని చెంచుల్లో చెప్పుకుంటారు. అన్నదమ్ముడికి ఆస్తి గొడవ ఉండొచ్చు, స్నేహితుడికి ఇంకేదో ఉండొచ్చు. తన అక్కో చెల్లెలో ముండమోయాలని మాత్రం ఎవడూ కోరుకోడు కదా. ఇంజనీర్లు యాంకర్ పాయింట్ అనేదాన్ని వీళ్ళు చుట్టరికంలో వెతుక్కున్నారు. ఏ పరికరాన్నయినా చివరికి ఎవరినో ఒకర్ని నమ్మే కట్టుకుంటాం. ఇక్కడ ఆ ఒకరు ఎవరో దిగేవాడికి పేరుతో సహా తెలుసు.

తెలంగాణలో తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడి సరంజామా ఇంకా స్పష్టమైన ఉదాహరణ. చెట్టునీ ఒంటినీ కలిపి చుట్టే తాడు మోకు. కాళ్ళకు వేసుకునేది గుజి. కత్తులూ గట్రా తగిలించుకోడానికి నడుముకు కట్టుకునేది ముస్తాదు. రెండు చేతులూ చెట్టుకే కావాలి కాబట్టి కత్తి నడుం మీదే ఉండాలి, చూడకుండా తీయగలగాలి, చూడకుండా పెట్టగలగాలి, ఎక్కేటప్పుడు తొడకు గీరుకోకూడదు. ఈ నాలుగు షరతుల్నీ ఇవాళ ఏ టాక్టికల్ బెల్టు తయారీదారుడైనా తన కాగితం మీద రాసుకోవచ్చు. ముస్తాదుని మాత్రం చెట్టెక్కేవాడి ఒళ్ళే కొలతగా తయారుచేశారు.

ఇక కట్టబెట్టేవాడి వైపు. కచేరీల్లో బంట్రోతు భుజం మీదుగా అడ్డంగా వేసుకునే పట్టీ డవాలు. దానిమీద ఇత్తడి బిళ్ళ. అందుకే బిళ్ళబంట్రోతు. ఆ పట్టీ దేన్నీ మోయదు, దేన్నీ పట్టి ఉంచదు. ‘నేను ఫలానావారి మనిషిని’ అని చెప్పడమే దాని పని. ఊళ్ళోకి డవాలు వచ్చిందంటే సర్కారు వచ్చిందని లెక్క. బెల్టుకి ఇది రెండో జన్మ: పనిముట్టు పోయి గుర్తు మిగిలింది.

ఈ రెండు జన్మలూ ఒకే బెల్టులో చూడాలంటే శామ్ బ్రౌన్ దగ్గరికి వెళ్ళాలి. బ్రౌన్ 1824లో బారక్‌పూర్‌లో పుట్టిన ఇంగ్లీషువాడు, పంజాబు అశ్వికదళంలో అధికారి. 1858 ఆగస్టు 31న, నేటి ఉత్తరప్రదేశ్‌లోని పిలిభిత్ దగ్గర, తిరుగుబాటుదారుల ఫిరంగి మీదికి ఒక్క సవారుని వెంటబెట్టుకుని దూకాడు. ఆ పోరులో ఎడమచెయ్యి భుజం దగ్గరికి తెగిపోయింది. విక్టోరియా క్రాస్ వచ్చింది, కానీ చెయ్యి రాదుగా. ఒర నడుముకు వేలాడుతున్నప్పుడు కత్తి దూయాలంటే ఎడమచేత్తో ఒరను అదిమిపట్టుకోవాలి. ఆ చెయ్యే లేదు. అందుకని ఒర కదలకుండా నిలిచేలా, బరువు భుజం కూడా పంచుకునేలా అడ్డపట్టీ ఉన్న బెల్టు చేయించుకున్నాడు. ఇంతకంటే సొంతమైన డిజైను ఉంటుందా! ఒక మనిషి తన ఒంట్లో లేని భాగం చుట్టూ గీసుకున్న బొమ్మ అది.

తర్వాత జరిగింది చూడండి. రెండు చేతులూ ఉన్న అధికారులు దాన్ని వేసుకోవడం మొదలుపెట్టారు. బోయర్ యుద్ధం నాటికి బ్రిటిష్ సైన్యంలో అది అధికారి గుర్తయింది. మన పోలీసు అధికారులు కవాతు రోజుల్లో ఇప్పటికీ వేసుకునే తళతళలాడే తోలు అడ్డపట్టీ అదే. కత్తి మోయడానికి పుట్టిన పట్టీ హోదా మోస్తోంది. అవసరం బిళ్ళగా మారడం అంటే ఇదే.

తోలుకి ఇంకో చిక్కుంది. తోలు పదును పెట్టడానికి వాడే టానిన్ ఇత్తడితో కలిస్తే పచ్చని చిలుము పడుతుంది. తోలు పట్టీలో చాన్నాళ్ళు ఉన్న తూటా అవసరానికి తుపాకిలో ఇరుక్కునేది. అమెరికన్ సైనికాధికారి ఆన్సన్ మిల్స్ 19వ శతాబ్దం చివర్లో నేసిన నూలు పట్టీతో దీనికి విరుగుడు కనిపెట్టాడు. దాన్నుంచి బ్రిటిష్ సైన్యం 1908లో మొత్తం నూలు సరంజామా తెచ్చుకుంది: మూడంగుళాల నడుం పట్టీ, 150 తూటాలు పట్టే అరలు, ముందూ వెనకా బరువు సరితూగేలా అమరిక. అంతా కలిపి చొక్కాలా ఒకేసారి వేసుకోవచ్చు, విప్పొచ్చు. నడుం పట్టీని ఒక వ్యవస్థగా ఆలోచించడం అక్కడ ఊపందుకుంది.

ఆ వ్యవస్థకి నేటి రూపం మోలీ. 1990లలో అమెరికా సైన్యపు నాటిక్ ప్రయోగశాలలో పుట్టింది. అంగుళం వెడల్పు పట్టీలు, మధ్యలో అంగుళం ఖాళీ, సమాన దూరాల్లో కుట్లు. ఎవరు తయారుచేసిన సంచి అయినా ఆ గళ్ళలో అల్లుకుంటుంది. మా భాషలో చెప్పాలంటే ఇదొక ఇంటర్‌ఫేస్: గళ్ళ కొలత మారదు, వాటిమీద ఏం తగిలించుకోవాలో నీ ఇష్టం. ఇంతకాలం సైన్యం ‘ఇది ఇక్కడే ఉండాలి’ అని చెప్పింది. మోలీ ఆ నిర్ణయంలో కొంత భాగాన్ని సిపాయికి తిరిగిచ్చింది. తాత రొంటికి ఉన్న స్వేచ్ఛ కొత్త దారిలో వెనక్కి వచ్చిందన్నమాట.

కాబట్టి అడిగినవాళ్ళకి నా సలహా ఇదీ. రెండు పొరల బెల్టు తీసుకోండి. లోపలిది ప్యాంటు లూపుల్లోంచి పోతుంది, బయటిది వెల్క్రోతో దానికి అతుక్కుంటుంది. (వెల్క్రో స్విట్జర్లాండు ఇంజనీరు డి మెస్ట్రాల్ కుక్క బొచ్చుకి అంటుకున్న ముళ్ళకాయల్ని చూసి చేసిందే. నల్లమలలో ఉత్తరేణి కంకుల పక్కనుంచి నడిచినవాళ్ళకి సూత్రం వేరే చెప్పక్కర్లేదు.) అంగుళంన్నర నుంచి రెండంగుళాల వెడల్పు చాలు. పట్టీ బిరుసుగా ఉండాలి, మెత్తనిదైతే బరువుకి వంగి కిందికి జారుతుంది. బరువు పొట్టమీద కాకుండా తుంటి ఎముకలమీద కూర్చోవాలి. లీటరు నీళ్ళంటే కిలో, అది ఒక పక్కనే ఉంటే సాయంత్రానికి నడుం చెప్తుంది.

అమరికకొస్తే, మాటిమాటికీ తీసేది వాటంచెయ్యి వైపు. వెన్నెముక మీద గట్టి వస్తువేదీ వద్దు, వెల్లకిలా పడితే అదే మొదట తగులుతుంది. గాయాలకు కట్టే పట్టీలు ఏ చేత్తోనైనా అందేచోట ఉండాలి, ఎందుకంటే దెబ్బ ఏ చేతికి తగులుతుందో ముందు తెలీదు. అమెరికన్ సైనిక వైద్యులు 1996లో యుద్ధగాయాల చికిత్స పద్ధతిని తిరగరాసినప్పుడు గట్టిగా చెప్పిన సంగతుల్లో చేతికో కాలికో తగిలిన దెబ్బ నుంచి నెత్తురు కారకుండా ముందు బిగించి కట్టాలన్నది ఒకటి. అన్నీ తగిలించాక గొంతుక్కూర్చోండి, పరుగెత్తండి, చెట్టెక్కండి. ఏది గుచ్చుకుంటే దాన్ని జరపండి, ఏది చప్పుడు చేస్తే దాన్ని తీసేయండి. ఇంతే.

అయితే ఈ చివరి మాట, ‘గుచ్చుకుంటే జరపండి’ అనేది, అందరికీ దొరికే హక్కు కాదు. నల్లమలలో 1990ల నుంచి 2000ల దాకా జరిగిన కథలో మూడు రకాల నడుములు కనిపిస్తాయి. ఒకటి గ్రేహౌండ్స్ ది. 1989లో కె.ఎస్. వ్యాస్ రూపుదిద్దిన ఈ దళం చిన్న జట్లుగా రోజుల తరబడి అడవిలో నడిచేందుకు తయారైంది. వ్యాస్‌ని 1993 జనవరిలో హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో నక్సలైట్లు చంపారు. రెండోది వాళ్ళు వెతికినవాళ్ళది. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చల కోసం మావోయిస్టు నాయకులు బయటికొచ్చింది మా పడమటి ప్రకాశంలోని చిన్నారుట్ల దగ్గరే. ఆలివ్ గ్రీన్ బట్టలు, భుజాన తుపాకులు: ఆ ఫొటోలు పత్రికల్లో చూసి ఊరంతా మాట్లాడుకుంది. చర్చలు నిలవలేదు. 2005 ఆగస్టులో నిషేధం మళ్ళీ వచ్చింది. ఇద్దరి నడుములూ ఒకే అడవికి, ఒకే నడకకి, ఒకే దాహానికి సిద్ధమైనవే. దూరం నుంచి చూస్తే తేడా కనిపెట్టడం కష్టం.

మూడోది చెంచుది. ఆ రెండు పట్టీల మధ్య మొలతాడుతో నిలబడ్డవాడు. ఇద్దరికీ దారి చూపగలిగేవాడు కాబట్టి ఇద్దరి అనుమానమూ అతనిమీదే. ఇప్పుడు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో మార్కాపురం డివిజను ఉంది. అక్కడ అడుగుజాడలు చూసి పులిని గుర్తుపట్టే కాపలా పనిలో చెంచులున్నారు. అడవిని చదివే పని వాళ్ళది. ఆ పనికి ఏం కట్టుకోవాలో చెప్పేది మాత్రం ఎక్కడో టెండరు కాగితం. కాగితంలో సైజులుంటాయి, మనిషి ఉండడు.

2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం గీతకార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కొండలెక్కేవాళ్ళు వాడే తరహా తాళ్ళు, పట్టీలు. చెట్టుమీంచి పడి చచ్చిపోయినవాళ్ళూ నడుం విరిగి మంచాన పడ్డవాళ్ళూ ఉన్న ఇళ్ళకి ఇది చిన్న విషయం కాదు. ముస్తాదు ఎంత తెలివైనదైనా జారినవాణ్ణి ఆపలేదు. కాబట్టి పాతదే గొప్పదని నేననడం లేదు. కిట్టు ఇచ్చేముందు చెట్టు దగ్గర శిక్షణ ఇవ్వడం కూడా మంచిపని. ఇక మిగిలింది, ఎక్కేవాడు ‘ఇది తొడ దగ్గర పట్టేస్తోంది, కత్తి అందట్లేదు’ అంటే ఆ మాట తయారుచేసేవాడి దాకా వెళ్ళే దారి. శామ్ బ్రౌన్ అధికారి కాబట్టి తన చెయ్యి లేనితనాన్ని కొలతగా ఇచ్చి బెల్టు చేయించుకోగలిగాడు. ఆ దారి లేకపోతే ఎంత మంచి కిట్టయినా ఇంటి దూలానికి వేలాడుతుంది, అతను మోకు తీసుకుని చెట్టెక్కుతాడు. అప్పుడు అందరూ అతన్నే తప్పుపడతారు.

అధికారులు పనివాళ్ళకి కిట్లు పంచే ఫొటోలు పేపర్లో వస్తుంటాయి. ఈసారి చూసినప్పుడు ముఖాలు వదిలేసి నడుములు చూడండి. పట్టీ తుంటిమీద కూర్చుందా, పొట్టమీద వేలాడుతోందా? బకిలు బిగించుకున్న చెయ్యి అతనిదేనా, పక్కనున్నవాళ్ళదా?