తాళపుచెవి కథ



నాటకమున దుర్మార్గుని చూపినంతమాత్రమున ఆ నాటకము దుర్మార్గమగునా? ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. దుశ్శాసనుని వేషము కట్టినవాడు ద్రౌపది కొంగు పట్టి లాగినప్పుడు ప్రేక్షకులలో నొకరు ఆవేశముతో లేచి తిట్టుటయు, ప్రక్కవారు అది వేషమని చెప్పి కూర్చుండబెట్టుటయు మీలో పెద్దలు చూచియే యుందురు. 1960వ సంవత్సరమున అమెరికా దేశమున ఒక హాస్యచిత్రమును గూర్చి ఇట్టి వివాదమే రేగెను. కొందఱు విమర్శకులు దానిని మలినమనిరి. మఱుసటి యేడు ఆ దేశపు చలనచిత్ర పరిషత్తు దానినే ఉత్తమచిత్రముగా ఎన్నుకొనెను. దాని పేరు ‘ది అపార్టుమెంటు’. అనగా పెద్ద భవనములో అద్దెకిచ్చు వాటా. ఆ నింద యేమి, ఆ సన్మాన మేమి, కాలము దేనిని నిలిపినది అనునదే నేటి ప్రసంగవిషయము.

కథ తెలిసినగాని తగవు తెలియదు. న్యూయార్కు నగరమున నొక జీవితబీమా సంఘము కలదు. దాని ప్రధానకార్యాలయమున 31,259 మంది ఉద్యోగులున్నారని కథానాయకుడే మొదట మనకు లెక్క చెప్పును. అతని పేరు బాక్‌స్టరు. పందొమ్మిదవ అంతస్తున, వరుసలు తీరిన బల్లలలో నొకదానికడ కూర్చుండి లెక్కలు వేయు గుమాస్తా. పెండ్లికానివాడు. నెలకు 85 డాలర్ల అద్దె నిచ్చి యొక చిన్న వాటాలో ఒంటరిగ నుండును. అతని పై అధికారులు నలుగురు ఆ వాటా తాళపుచెవిని అడిగి పుచ్చుకొందురు. ఇంటి యిల్లాలికి తెలియకుండ పరస్త్రీలతో ప్రొద్దు పుచ్చుటకు వారికది చోటు. ఇంటి యజమానియో, వీధిలో చలికి వణకుచు, వారెప్పుడు పోవుదురా యని కనిపెట్టుకొనియుండును. అందులకు ప్రతిఫలముగ వారతని పనితనమును పొగడుచు పైకి వ్రాయుదురు. అతని ఉద్యోగము మెట్టు వెంట మెట్టు పెరుగును.

ఆ కార్యాలయమున లిఫ్టు నడపు ఫ్రాన్ క్యూబెలిక్ అను యువతియందు బాక్‌స్టరునకు అనురాగము. ఆమె మాత్రము, పెండ్లమును బిడ్డలును గల షెల్డ్రేకు అను పెద్ద అధికారిని నమ్మి మోసపోయినది. ఆతడును ఆ తాళపుచెవినే అడుగును. తాను ప్రేమించిన యువతి తన గదికే వచ్చుచున్నదని బాక్‌స్టరునకు తెలియదు. కార్యాలయపు క్రిస్టమసు వేడుకలో ఆమె చేతినున్న పగిలిన అద్దమును చూచి అతడు సంగతి గ్రహించును. తన గదిలో ఎవరో మఱచిపోగా షెల్డ్రేకున కిచ్చివేసిన అద్దమే యది. ఆ రాత్రి షెల్డ్రేకు ఆమె చేతిలో కానుకకు బదులు నూరు డాలర్ల నోటు పెట్టి తన సంసారమునొద్దకు పోవును. ఆమె ఆ గదిలోనే నిద్రమాత్రలు మ్రింగును. ప్రక్క వాటాలోని వైద్యుడు ప్రాణము నిలుపును. తప్పంతయు బాక్‌స్టరుదే యని తలచిన ఆ వైద్యుడు, నాయనా, మనిషివి కమ్మని మందలించును. అందులకాయన వాడినది ‘మెన్ష్’ అను యిద్దిషు పలుకు. మానవత్వము గల మనుష్యుడని దాని భావము.

ఆ పలుకే కథకు కీలకము. షెల్డ్రేకు మరల తాళపుచెవి నడిగినప్పుడు బాక్‌స్టరు ఇంటి తాళమునకు బదులు, పెద్ద అధికారులకు మాత్రమే లభించు స్నానపుగది తాళపుచెవిని బల్లపై పెట్టి, కొలువు వదలి వచ్చివేయును. తుదకు ఫ్రాన్ అతనియొద్దకు పరుగెత్తి వచ్చును. అప్పటికతనికి ఉద్యోగము లేదు, సామానులు మూటగట్టియున్నవి. ఇరువురును కూర్చుండి పేకముక్కలు పంచుకొనుటతో కథ ముగియును. కౌగిలింతయు లేదు, పెండ్లిపందిరియు లేదు.

ఈ చిత్రమునకు దర్శకుడు బిల్లీ వైల్డరు. ఆయన 1906లో, నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమునందలిదియు నేడు పోలండు దేశములోనిదియు నగు నొక చిన్న పట్టణమున యూదుల యింట జన్మించెను. 1933లో హిట్లరు అధికారమునకు రాగానే జర్మనీ విడిచి, తుదకు అమెరికా చేరెను. 1945లో వెలువడిన ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’ అను ఆంగ్లచిత్రములో, ప్రేమికులు కలిసికొనుటకై మిత్రుడొకడు ఇచ్చిన గది ప్రసక్తి కలదు. చూచినవారందఱు ప్రేమికులను గూర్చి తలపోయగా, వైల్డరు మనస్సు ఆ గది యజమానిపై నిలిచెను. వారు పోయిన పిదప ఆ ఒంటరిగదిలో పరుండువాని స్థితి యేమి? కాని ఆ కాలమున హాలీవుడ్డు చిత్రములపై నీతినియమావళి యొకటి పెత్తనము చేయుచుండెను. 1934 నుండి కఠినముగ అమలైన ఆ నియమములు ఇట్టి కథకు చోటీయవు. కావున ఆయన దానిని మనస్సున దాచుకొని, కట్టు సడలిన 1950ల చివరివఱకు వేచియుండెను. అప్పుడు ఐ. ఎ. ఎల్. డైమండ్ అను రచయితతో కలిసి కథ వ్రాసెను. బాక్‌స్టరుగా జాక్ లెమ్మన్, ఫ్రానుగా షర్లీ మెక్లేన్, షెల్డ్రేకుగా ఫ్రెడ్ మక్‌మర్రీ నటించిరి.

కార్యాలయపు దృశ్యమును నిర్మించినవాడు అలెగ్జాండర్ ట్రౌనర్. వెనుకకు పోయినకొలది బల్లలను చిన్నవిగ చేయించి, వానికడ పొట్టివారిని కూర్చుండబెట్టి, అంతము లేని గుమాస్తాల సముద్రమును ఒక్క శాలలో భ్రాంతిగొలుపునట్లు చూపెను. మనిషి అంకెగా మాఱిన చోటు అది. కథలోని దుఃఖమునకు సగము కారణము ఆ శాలయే చెప్పును.

1960 జూనులో చిత్రము ప్రదర్శితమయ్యెను. న్యూయార్కు టైమ్సు పత్రికలో బాస్లీ క్రౌథర్, ఇందు ఉల్లాసమును, ఆర్ద్రతయు కలవని మెచ్చుకొనెను. జనులును తండోపతండములుగ చూచిరి. కాని సాటర్‌డే రివ్యూ పత్రికలో హాలిస్ ఆల్పర్ట్ దీనిని మలినమైన కట్టుకథ యని నిందించెను. నిందించినవారి వాదము రెండు విధములు. ఆత్మహత్యా ప్రయత్నమును నవ్వులాటను ఒకే కుండలో ఉడికించుట అనుచితమనునది మొదటిది. గది నిచ్చి పాపమునకు తోడ్పడినవానికి తుదకు నాయిక ప్రేమను కట్టబెట్టుట అనీతి యనునది రెండవది.

ఆ నింద పత్రికలతో నాగలేదు. మక్‌మర్రీ అంతకు ముందటి సంవత్సరమే డిస్నీవారి పిల్లల చిత్రమున మంచి తండ్రిగ నటించియుండెను. డిస్నీల్యాండు ఉద్యానమున ఒక స్త్రీ తనను గుర్తించి, ఇట్టి పాడుచిత్రమున ఏల నటించితివని చేతిసంచితో కొట్టెనని ఆయన చెప్పుకొనెడివాడు. ఆమె దుశ్శాసనుని మఱచి వేషగానిని కొట్టినది.

తూర్పు బెర్లినున వేఱొక తీరు జరిగినదని చెప్పుదురు. ధనికరాజ్యముల కుళ్లును ఈ చిత్రము బయటపెట్టినదని అక్కడివారు సంతోషింపగా వైల్డరు, ఈ కథ ఏ నగరమునందైనను జరుగవచ్చును, మాస్కోలో మాత్రము జరుగదనెను. వారు చప్పట్లు చఱచిరి. అక్కడ ఎవనికిని సొంత వాటా యుండదు గనుక అని ఆయన ముగించెను. తనను మెచ్చుటకు వచ్చినవారికిని ఆయన లొంగలేదు.

ఇక సన్మానముల సంగతి. 1960లోనే వెనిస్ చిత్రోత్సవమున మెక్లేన్ ఉత్తమనటిగా బహుమానము పొందెను. న్యూయార్కు విమర్శకుల మండలి ఉత్తమచిత్ర గౌరవమును దీనికిని ‘సన్స్ అండ్ లవర్స్’ అను చిత్రమునకును సమముగ పంచియిచ్చెను. బ్రిటిషు పరిషత్తు ఈ చిత్రమును, నాయికానాయకు లిరువురను సన్మానించెను. ఆస్కారు అని జనులు పిలుచు అమెరికా పరిషత్తు బహుమానములకు ఈ చిత్రము పది విధముల ప్రతిపాదింపబడెను. 1961 ఏప్రిల్ 17వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రమున సాంటా మోనికా పట్టణమున జరిగిన సభలో అయిదు లభించెను. అవి ఉత్తమచిత్రము, దర్శకత్వము, రచన, కళానిర్మాణము, కూర్పు. నిర్మాతగ, దర్శకుడుగ, రచయితగ వైల్డరు ఒక్క రాత్రి మూడుమాఱులు వేదిక నెక్కెను. రచనకు బహుమానమిచ్చిన నాటకకర్త మాస్ హార్ట్ ఆయన చెవిలో, ఇక నిలిచిపోవుటకిదియే సమయమని చమత్కరించెనని ప్రతీతి. ఆ పిమ్మట పోటీలో ఆయనకు మరల ఆస్కారు రాలేదు.

హాస్యమును మన ఆలంకారికులు రసములలో నొకటిగా లెక్కించిరి. అయినను సభలలో దానికి పెద్దపీట దొరకుట ఎక్కడనైనను అరుదే. 1934, 1938 సంవత్సరముల చిత్రములలో హాస్యమునకు ఆ పరిషత్తు అగ్రగౌరవ మిచ్చినమాట నిజము. కాని ఇంత చేదు కలిసిన హాస్యమున కిచ్చుట విశేషము.

రాని బహుమానముల కథయు వినదగినది. మెక్లేన్ నటనకే ఆస్కారు వచ్చునని పలువురు తలచిరి. అంతలో ఎలిజబెత్ టైలర్ అను ప్రసిద్ధనటి 1961 మార్చిలో లండనున న్యుమోనియాతో మరణముఖమునకు పోయి, కంఠమునకు శస్త్రచికిత్స జరుగగా బ్రతికి వచ్చెను. బహుమానము ఆమెకు లభించెను. ఆ బహుమానము తెచ్చిన తన చిత్రము ఆమెకే నచ్చలేదు. అది సానుభూతివలన వచ్చినదని ఆమెయే యనెను. నటనలో నేను ఓడలేదు, ఒక శస్త్రచికిత్సకు ఓడితినని మెక్లేన్ పరిహాసము చేసెను. లెమ్మనునకును ఆ రాత్రి రిక్తహస్తమే.

కావున బహుమానములలో గుణమున్నది, దయయున్నది, అదృష్టమును కలదు. ఒక సభ తీర్పే తుదితీర్పని తలంపరాదు. మన యూరి సభలో శాలువ కప్పినప్పుడును ఈ మూడును కలిసియుండుట మనమెఱుగనిది కాదు. సభ ముగిసిన పిదప ఏండ్లు గడచినకొలది ఏమి నిలిచినదో చూడవలెను. 1968లో ఈ కథ ‘ప్రామిసెస్, ప్రామిసెస్’ అను సంగీతనాటకమై న్యూయార్కు రంగస్థలమెక్కెను. 1994లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము దీనిని జాతి భద్రపఱుపదగిన చిత్రముల పట్టికలో చేర్చెను. మన దేశమున 2007లో వచ్చిన ‘లైఫ్ ఇన్ ఎ మెట్రో’ అను హిందీచిత్రమున, పై అధికారులకు గది తాళపుచెవి నిచ్చు యువకుని కథ మరల వినిపించినది. నలుపు తెలుపుల చిత్రములలో దీని తరువాత ఆస్కారు ఉత్తమచిత్రమైనది 1993 నాటి ‘షిండ్లర్స్ లిస్ట్’. అందును కొలది దృశ్యములు రంగులలోనే యున్నవి.

మఱి నిందించినవారిది వట్టి అసూయయా? కాదు. వారి మాటలో కొంత సత్యమున్నది. ఆ నలుగురు అధికారుల యిల్లాండ్రకు ఈ కథలో న్యాయము జరుగలేదు. వారి దుఃఖమును మనకు చూపనేలేదు. షెల్డ్రేకు భార్య యొక్కతె నిజము తెలిసి మగని ఇంటినుండి వెడలగొట్టినది. అదియును మనకు మాటగా వినబడునే గాని తెఱపై కనబడదు. ఇది లోపమే. అయినను పాపమును బహూకరించిన కథ యనుట అన్యాయము. బాక్‌స్టరు గది నిచ్చినంతకాలము అతనికి జీతము పెరిగినది, మర్యాద పెరిగినది, పెద్దగది దొరకినది. తాళపుచెవి నిరాకరించిన నాడు అవియన్నియు పోయినవి. నవ్వించుచు నవ్వించుచు ఈ లెక్కను మన చేతనే వేయించుట హాస్యమువలననే సాధ్యమైనది. ఉపన్యాసముగ చెప్పియున్నచో ఆ గుమాస్తాలో మనము మనలను చూచుకొనియుండము.

ఏలయన, తాళపుచెవి యొక్క న్యూయార్కునకే చెందినది కాదు. పైవాని మెప్పుకొఱకు చిన్నవాడు తన యింటి గడపను, తన సంతకమును, తన సాక్ష్యమును ఎరువిచ్చు సందర్భములు ప్రతి కచ్చేరియందును, ప్రతి గ్రామమునందును కలవు. మీ కుమారులును మనుమలును, ఇప్పుడు కుమార్తెలును మనుమరాండ్రును, దూరపు నగరములలో ఉద్యోగములు చేయుచున్నారు. జీతమెంత, పదవి యేమి యని వారిని మనము అడుగుచునే యున్నాము. ఆ పదవికై ఏ తాళపుచెవి ఇయ్యవలసివచ్చినదని కూడ ఒకమాఱు మెల్లగ అడుగుదము. ఆ ప్రక్క వాటా వైద్యుడు అడిగినదియు అంతియే.