రాష్ట్రపతి నోట ‘మనం’



జనవరి 25న, ఆగస్టు 14న రాష్ట్రపతి జాతినుద్దేశించి చేసే ప్రసంగం మీరు రేడియోలో వినే ఉంటారు. ముందు హిందీలో, ఇంగ్లీషులో వస్తుంది. ఆ రాత్రే ప్రాంతీయ కేంద్రాలు తమ భాషల్లో అనువాదం వినిపిస్తాయి. తెలుగు చేసేవారికి అక్కడొక చిక్కు ఎదురవుతుంది. హిందీ ‘హమ్’కు, ఇంగ్లీషు ‘వీ’కి మనకు రెండు మాటలున్నాయి. వినేవారిని కలుపుకుంటే మనం, కలుపుకోకుంటే మేము. రాష్ట్రపతి ‘వీ’ అన్నప్పుడు అందులో రేడియో ముందు కూర్చున్న కూలీ ఉన్నాడా, లేడా? అనువాదకుడు తేల్చుకోక తప్పదు.

కోలారులోనో, బెంగుళూరులోనో ఉన్నవారికి తెలుసు, నేటి కన్నడంలో రెంటికీ ‘నావు’ ఒక్కటే. తమిళంలో నామ్, నాంగళ్. మరాఠీలో ఆపణ్, ఆమ్హీ అని రెండేసి ఉన్నాయి. రాజ్యాంగ పీఠికను తమిళులు ‘నామ్’ అని చెప్పుకున్నారు. మరాఠీవారు ‘ఆమ్హీ’ అన్నారు, మనం ‘మేము’ అన్నాం. ప్రతిజ్ఞ చేసేటప్పుడు మేము అనడంలో తప్పు లేదనుకోండి. అయినా తమిళం మాటే నాకు నచ్చుతుంది.

రాష్ట్రపతి మాటలన్నీ ఆయన సొంతం కావు. 87వ అధికరణం ప్రకారం పార్లమెంటులో చదివే ప్రసంగం మంత్రివర్గం రాసి ఇచ్చేది. అందులో ‘నా ప్రభుత్వం’ అన్న మాట వస్తుంది. పేదలు పథకాలు అందుకునే ‘వారు’గా కనబడతారు. గణతంత్ర దినోత్సవ సందేశంలో మాత్రం కొంత వెసులుబాటు ఉంది. తిరుత్తణిలో తెలుగింట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1967లో ఆ వెసులుబాటునే వాడుకుని, దేశ వనరుల నిర్వహణలో జరుగుతున్న అసమర్థతను క్షమించలేమని చెప్పారు.

ఆ సందేశాన్ని పేదవాడి పక్కన నిలబెట్టినవారు కె.ఆర్. నారాయణన్. కేరళలోని ఉళవూరులో పేద దళిత కుటుంబంలో పుట్టి, మైళ్ళకొద్దీ నడిచి బడికి వెళ్ళిన మనిషి. 1997లో రాష్ట్రపతి అయ్యారు. 2000 జనవరి 25న, గణతంత్రానికి 50 ఏళ్ళు నిండిన వేళ, ఓర్పుతో బాధలు పడుతున్న జనం ఆగ్రహం గురించి జాగ్రత్తపడమని హెచ్చరించారు. సరళీకరణ, ప్రైవేటీకరణ, ప్రపంచీకరణ అనే వేగపు రోడ్డు మీద, బలం లేని భారతం కూడా క్షేమంగా దాటడానికి దారి ఉంచాలన్నారు. నడిచి వెళ్ళేవాడి వైపునుంచి రోడ్డును చూసిన మాట అది. రోడ్డు వద్దనలేదు, గమనించండి. మరుసటి ఏడు మరింత సూటిగా, పచ్చని నేలనూ, శతాబ్దాలుగా అక్కడున్న అమాయక గిరిజనులనూ నాశనం చేసి భారత గణతంత్రాన్ని నిర్మించారని రేపటి తరాలు అనుకోకూడదన్నారు. కోరాపుట్, రాయగడ వైపు ఉన్న శ్రోతలకు ఈ మాట వేరే వివరించనక్కరలేదు.

2017లో రామ్‌నాథ్ కోవింద్ తాను మట్టి ఇంట్లో పెరిగానని ప్రమాణ స్వీకారం రోజున చెప్పారు. 2022 జులై 25న మయూర్‌భంజ్ జిల్లాకు చెందిన సంతాలీ మహిళ ద్రౌపది ముర్ము ‘జోహార్’ అంటూ మొదలుపెట్టి, తమ ఊరినుంచి కాలేజీకి వెళ్ళిన మొదటి ఆడపిల్లను తానేనన్నారు. ఇలాంటి మాటలు వింటే సంతోషమే. కానీ ఒకరు పైకెక్కిన కథ చెప్పి, మిగిలినవారు కిందనే ఎందుకున్నారన్న ప్రశ్నను మరిపించడమూ సులభమే.

ఆమె ఆ ప్రశ్నను వదలలేదు. 2022 నవంబరు 26, రాజ్యాంగ దినోత్సవం. సుప్రీంకోర్టు వారి సభలో ప్రధాన న్యాయమూర్తి, కేంద్ర న్యాయమంత్రి ఉన్నారు. ఆమె రాసుకొచ్చిన ఇంగ్లీషు కాగితం పక్కన పెట్టి హిందీలో మాట్లాడారు. జైళ్ళలో ఏళ్ళ తరబడి ఉన్న పేదల గురించి, తమ హక్కులేమిటో తెలియనివారి గురించి చెప్పారు. దేశం ముందుకు పోతుంటే కొత్త జైళ్ళెందుకు, ఉన్నవి తగ్గాలి కదా అని అడిగారు. వారికోసం ఏదైనా చేయండని న్యాయమూర్తులను కోరారు.

మూడు రోజులకు, నవంబరు 29న, సుప్రీంకోర్టు ధర్మాసనం ఒకటి ఆ ప్రసంగాన్ని ప్రస్తావించింది. బెయిలు వచ్చినా పూచీకత్తు కట్టలేక లోపలే ఉండిపోయిన ఖైదీల వివరాలు తెప్పించమని ఆదేశించింది. 2023 జనవరి 31న మార్గదర్శకాలు వచ్చాయి. బెయిలు మంజూరైన వారం లోపల ఖైదీ విడుదల కాకపోతే, జైలు అధికారి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు కబురు చేయాలి.