మోటారుబండి ఊపిరి

వికారాబాదు నుండి అనంతగిరి కొండనెక్కు దారి దూరమైనది కాదు. అయినను ముసలి బండికి అది గట్టి పరీక్షయే. ఆ కొండమీద అనంతపద్మనాభస్వామి కోవెల కలదు. మూసీనది పుట్టుకయు అక్కడనే. ఒక వేసవినాడు మా పాత పెట్రోలు కారు ఆ ఎక్కుడులో రెండుమార్లు దగ్గి, మూడవమారు ఊపిరి విడిచినది. అంతకు నెలదినములకు ముందు, పాత కార్బొరేటరు అరిగినదని మాటవిని, పట్టణములో దానిని తీసివేయించి క్రొత్తది పెట్టించియుంటిమి. క్రొత్తది పెట్టించిన పిమ్మట బండి ఆగునని మేము తలపలేదు.

బండిని మెల్లగా వికారాబాదునకు దింపించితిమి. అచ్చటి వృద్ధ మేస్త్రి బానెట్టు ఎత్తి, ఇంజను ధ్వనిని కొంతసేపు చెవియొగ్గి విని, “పాతదేడుంది సార్? పారేసిండ్రా?” అని అడిగెను. అదృష్టవశమున పాతది గుడ్డలో చుట్టి డిక్కీలోనే యుండెను. ఆయన దానిని విప్పి, కడిగి, బాగుచేసి, సాయంకాలమునకు మరల బిగించెను. మరునాడు బండి అనంతగిరిని ఆగకుండ ఎక్కినది. క్రొత్తదానికి సాధ్యము కానిది పాతదానికెట్లు సాధ్యమయ్యెను? ఈ ప్రశ్నయే మమ్ము కార్బొరేటరు చరిత్రలోనికి దింపినది.

పెట్రోలు ద్రవముగా నున్నంతవరకు ఇంజనులో సరిగా మండదు. దానిని తుంపరగా చేసి, తగినంత గాలితో కలిపి లోనికి పంపవలెను. తూకములో ఒకపాలు పెట్రోలునకు సుమారు 15 పాళ్ల గాలి కావలెను. అనగా ఒక లీటరు పెట్రోలు మండుటకు దాదాపు 9,000 లీటర్ల గాలి పట్టును. గాలి హెచ్చినచో బండి దగ్గును, వేడెక్కును. పెట్రోలు హెచ్చినచో నల్లపొగ విడుచును. ఈ పాళ్లను తప్పకుండ కలుపునదే కార్బొరేటరు. దానిలో గాలి పోవు దారి ఒకచోట గొంతువలె సన్నబడును. అక్కడ గాలి వేగము పెరిగి, ఒత్తిడి తగ్గును. ప్రక్కనున్న చిన్న గిన్నెలోని పెట్రోలు, జెట్టు అను సన్నని రంధ్రము గుండా ఆ గొంతులోనికి లాగబడి, తుంపరయై గాలిలో కలియును. ఇంటిమీది నీళ్లతొట్టిలో బంతి తేలి నీటిని ఆపునట్లు, గిన్నెలో ఫ్లోటు తేలి పెట్రోలు మట్టమును కాపాడును.

ఈ యుక్తి ఒక్కదినమున పుట్టినది కాదు. జర్మనీలో కార్ల్ బెంజి 1886లో పేటెంటు పొందిన బండిలో తుంపర లేదు. ఇంధనము మీదుగా గాలిని పోనిచ్చి దాని ఆవిరిని గ్రహించెడివారు. 1888లో ఆయన భార్య బెర్తా బెంజి, భర్తకు ముందుగా తెలుపకయే, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌నకు 100 కిలోమీటర్లకు పైగా ఆ బండిలో ప్రయాణము చేసెను. దారిలో ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా, ఆమె తన టోపీకి పెట్టుకొను సూదితో దానిని శుభ్రముచేసెను. ఇంధనము చాలకపోగా వీస్లోక్‌లోని మందులదుకాణమున కొనెను. మోటారుబండికి దారిప్రక్క జరిగిన తొలి మరమ్మతులలో ఒకటి ఒక గృహిణి చేతిమీదుగా జరిగినదనుట మన యిండ్లలో చెప్పుకొనదగిన మాట.

1893లో బుడపెస్టునగరమున దొనాత్ బాంకీ, యానోష్ చోంకా అనువారు పెట్రోలును తుంపరగా చేయు కార్బొరేటరునకు పేటెంటు కోరిరి. పూలమ్ము పడుచు నోటితో పూలపై నీరు చల్లుట చూచి వారికీ ఆలోచన తోచినదని ఒక కథ చెప్పుదురు. కథ సంగతి యెట్లున్నను, ఆ కాలముననే జర్మనీలో విల్‌హెల్మ్ మైబాహ్ కూడ ఫ్లోటు, జెట్టు గల కార్బొరేటరును రూపొందించెను. ఇరువదవ శతాబ్ది తొలిదశాబ్దమున ఇంగ్లండులో చెప్పుల వర్తకుల కుటుంబమునకు చెందిన స్కిన్నరు సోదరులు ఎస్.యు. కార్బొరేటరును తెచ్చిరి. తొలుత దానిలో తోలుతిత్తి యుండెను; కులవృత్తి వాసన యంత్రమునకును అంటినదన్నమాట. ఫ్రాన్సులో గుదార్, మెన్నెసోన్ అనువారు సోలెక్సును నెలకొల్పిరి. ఈ రెండు పేర్లను మన మేస్త్రీలు తరువాతి కాలమున తమ పేర్లంత చక్కగా ఎరిగియుండిరి.

ఇక మన ప్రాంతమునకు వత్తము. వికారాబాదు, తాండూరులు రెండును సికిందరాబాదు నుండి వాడికి పోవు రైలుదారిమీది ఊళ్లు. ఆ దారి 1874లో తెరువబడినది. ఆవిరి ఇంజనునకు బొగ్గు, నీరు చాలును, కార్బొరేటరుతో పనిలేదు. రైలు చేరని పల్లెలకు చక్రము చేర్చినది మోటారుబండియే. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణాశాఖను ప్రారంభించిరి.

రెండవ ప్రపంచయుద్ధకాలమున కార్బొరేటరునకే గండము వచ్చినది. 1941లో దేశమున పెట్రోలుకు రేషను విధింపబడెను. అప్పుడు బస్సుల వెనుక ఇనుపకొలిమి బిగించి, కట్టెబొగ్గును చాలీచాలని గాలితో కాల్చి, వచ్చిన వాయువును వడగట్టి ఇంజనుకు పంపిరి. కార్బొరేటరును ప్రక్కకు నెట్టి, దానిచోట గాలియు బొగ్గువాయువును కలిసెడి మిశ్రమపెట్టె పెట్టుట ఆనాటి మార్పు. తెలుగునాట వీనినే బొగ్గుబస్సులనిరి. బండి కదలుటకు ముందు కొలిమి రాజవలెను. ఇంజను బలము చాల తగ్గెడిది. ఎక్కుడు వచ్చిన ప్రయాణికులు దిగి త్రోయుట పెద్దలు నవ్వుచు చెప్పుకొను ముచ్చట. కాని డ్రైవర్లకును మేస్త్రీలకును ఆ కష్టకాలము ఒక పాఠశాల యైనది. గాలికిని ఇంధనమునకును గల పాళ్ల సంబంధమును వారు పుస్తకమునుండి కాక, మసిబారిన చేతులతో నేర్చుకొనిరి.

1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లానుండి ఆంధ్రప్రదేశ్‌నకు వచ్చినది. ఆ ఊరిది నాపరాతి వ్యాపారము, కందిపప్పు వ్యాపారము. తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును వినవచ్చు చోటు. మూడు భాషలలోను జెట్టు జెట్టే, చోకు చోకే. 1957లో అంబాసిడరు బండి వచ్చెను. ఫియట్, పిమ్మట ప్రీమియర్ పద్మిని బండ్లు ఆ శతాబ్దపు తుదివరకు నడచెను. అంబాసిడరులలో పెక్కింటికి ఎస్.యు., పద్మినులకు సోలెక్సు ఉండెడివి. రాతిదుమ్ము లేచు దారులలో తిరుగు బండికి గాలి వడపోత మూసుకొనును, సన్నని గాలిరంధ్రములు పూడును. కావున రాతి ఊరిలో కార్బొరేటరు విప్పనెరిగిన మనిషి లేక బండి సాగదు.

మా మేస్త్రి ఆనాడు చేసిన పని చూడుడు. మొదట కార్బొరేటరును విప్పి, భాగములను తెల్లగుడ్డపై విప్పిన వరుసలోనే పేర్చెను. అన్నిటిని కడిగి, జెట్టులలో గాలి ఊదెను గాని ఇనుపతీగ దూర్చలేదు. సోలెక్సు జెట్టుమీద 120 అని యున్నచో, దాని రంధ్రము 1.20 మిల్లీమీటర్లని అర్థము. తీగ గీసిన గీత కంటికి కనబడదు గాని, పాళ్లు తప్పును. పిమ్మట ఇత్తడి ఫ్లోటును చెవియొద్ద ఊపి చూచెను. లోపల పెట్రోలు చప్పుడైనది. దానిని వేడినీటిలో ముంచగా ఒకచోట బుడగలు లేచెను. రంధ్రము దొరికినది. లోపలి పెట్రోలునంతను పోగొట్టిన తరువాతనే దానికి టంకము వేసెను. తొందరపడి నిప్పు చూపిన అపాయము. వంగిన మూత అంచును అద్దముపై పరచిన ఎమరీకాగితముమీద రుద్ది చదును చేసెను. గాలితలుపు ఇరుసు ఆడు రంధ్రము అరిగి, దొంగగాలి దూరుచుండెను. లేతుమీద ఇత్తడి బుష్షు తీయించి పెట్టెను. క్రొత్త గాస్కెట్టులు, క్రొత్త సూదివాల్వు వేసి బిగించెను.

చివరి పని శ్రుతి చేయుట. ఇంజను నడచుచుండగా మిశ్రమపు మరను కొద్దికొద్దిగా త్రిప్పుచు ఆయన కన్నులు మూసుకొనెను. రేడియో ముల్లును అటునిటు జరిపి, గరగర పోయి పాట స్పష్టమగు చోట మనము ఆపుదుము గదా; ఆయన చేసినదియు అదియే.

క్రొత్త కార్బొరేటరు ఏల తప్పినది? అది చెడ్డదగుటచేత కాదు. మా ఇంజనుకు కొలచి చేసినది కాకపోవుటచేత. ఎస్.యు.లో గొంతు తనంత తాను పెరిగి తరుగుచుండును, కోసుగా నున్న సూది పెట్రోలును కొలచును; సోలెక్సులో గొంతు మారదు, వేరువేరు జెట్టులు వేరువేరు వేగములకు పనిచేయును. బోల్టులు సరిపోయినంత మాత్రమున ఒకదాని స్థానమున మరొకటి సరిపోదు. సూది, జెట్టు, గొంతు మూడును ఇంజను పరిమాణమునకు తగవలెను. పాతదాని దేహము పగిలిననో, భాగములు దొరకకున్ననో మార్చుట తప్పదు. అట్టియెడ అదే సంఖ్యగల దానిని వెదకవలెను.

కాలము మారినది. పొగను అదుపులో నుంచు నియమములు బిగిసిన కొలది కార్లలో కార్బొరేటరు పోయి, కంప్యూటరు పర్యవేక్షణలో పెట్రోలు చిమ్ము పద్ధతి వచ్చినది. 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.-6 నియమములు దేశమంతట అమలైన పిమ్మట క్రొత్త మోటారుసైకిళ్లలో పెక్కింటికిని అదే గతి. గాలి శుభ్రమగుటకు ఇది మేలే. దానికై మేము వగవము. అయితే పాత బండ్లకు ఇంకొక చిక్కు వచ్చినది. 2022 నాటికి మన పెట్రోలులో 10 శాతము, 2025 నాటికి 20 శాతము ఇథనాలు కలిసినది. ఇథనాలు మండుటకు తూకమున 9 పాళ్ల గాలియే చాలును. కావున పాత జెట్టుతో మిశ్రమము పలుచనగును. అది నీటిని పీల్చును, పాతకాలపు రబ్బరును ఉబ్బించును. ఇట్టి బండికి ఇథనాలునకు తాళెడి రబ్బరు భాగములు, అవసరమైన ఒక మెట్టు పెద్ద జెట్టు వేయవలెను. చాలదినములు నడపనిచో గిన్నెలోని పెట్రోలును వంచివేయవలెను. ఇది చేయగల చేతులు నేడే ఎక్కువగా కావలసియున్నవి, నేడే తక్కువగా దొరకుచున్నవి.

మా మేస్త్రియొద్ద పని నేర్చుకొను పిల్లవాడు ఒక్కడును లేడు. “చెవుతోని చేసే పని సార్, రాసియ్యరాదు” అని ఆయన మాట. వినికిడి వ్రాయరాదన్నది నిజమే కావచ్చును, కొలతలు వ్రాయవచ్చును. ఇంట పాతబండి గలవారు, దానిని ఎరిగిన మేస్త్రి యుండగానే జెట్టు సంఖ్యను, సూది సంఖ్యను, ఫ్లోటు మట్టమును అడిగి ఒక కాగితముపై వ్రాసి, బండి పత్రములతో భద్రపరచుడు. మేము ఆ సాయంకాలమే వ్రాసికొంటిమి.