అభ్యాసం చేస్తేనే అలవడే ప్రేమ

మత్తయి సువార్త 5వ అధ్యాయం, 38 నుండి 48 వరకు ఉన్న వచనాలు తెరిచి ఉంచండి. కొట్టినవానికి రెండవ చెంప చూపమనీ, శత్రువును ప్రేమించమనీ మన ప్రభువు చెప్పినది అక్కడే. ఈ భాగం చదివినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "అయ్యగారూ, వినడానికి బాగానే ఉంది. నిజంగా దెబ్బ పడినప్పుడు ఇది ఎవరి తరమౌతుంది?" న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబుగా అమెరికా దేశ చరిత్రలోని కొన్ని సంగతులు ఈ రోజు మీ ముందు ఉంచుతాను.

1950వ దశకంలో ఆ దేశపు దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతివారికి బస్సులో సీట్లు వేరు, బడి వేరు, మంచినీళ్ళ కుళాయి కూడా వేరు. 1955 డిసెంబరు 1న మాంట్‌గోమరీ పట్టణంలో, కుట్టుపని చేసుకొనే రోజా పార్క్స్ అనే సహోదరి బస్సులో తెల్లవారికోసం లేవమంటే లేవలేదు. ఆమెను అరెస్టు చేశారు. డిసెంబరు 5 నుండి నల్లజాతివారు బస్సు ఎక్కడం మానేశారు. 381 రోజులు ఎండనక వాననక నడిచారు. వారికి నాయకుడు 26 ఏళ్ళ యువ పాస్టరు, మార్టిన్ లూథర్ కింగ్.

1956 జనవరి 30 రాత్రి ఆయన సభలో ఉండగా ఇంటిమీద బాంబు వేశారు. ఇంట్లో భార్య, పసిబిడ్డ ఉన్నారు. దేవుని కృపవలన వారికి ఏమీ కాలేదు. ఆయన వచ్చేసరికి ఇంటిముందు కోపంతో రగిలిపోతున్న జనం, కొందరి చేతుల్లో ఆయుధాలు. ఆయన ఒక్క మాట అంటే ఆ రాత్రి రక్తం పారేది. ఆయన మాత్రం ఆయుధాలు ఇంట్లో పెట్టి రమ్మన్నారు, శత్రువులను ప్రేమించాలన్న యేసు బోధను జ్ఞాపకం చేసి పంపివేశారు. చివరకు సుప్రీంకోర్టు తీర్పుతో 1956 డిసెంబరులో బస్సులలో ఆ వివక్ష తొలగిపోయింది.

ప్రియులారా, ఇంతవరకు మీలో చాలామంది విన్నదే. ఇప్పుడు అంతగా వినని ఒక పేరు చెబుతాను: జేమ్స్ లాసన్. ఈయన మెథడిస్టు సంఘానికి చెందినవారు. కొరియా యుద్ధకాలంలో సైన్యంలో చేరనని చెప్పి జైలుకు వెళ్ళారు. విడుదలైన తరువాత మిషనరీగా మన దేశానికి వచ్చి, నాగపూర్‌లోని హిస్లాప్ కళాశాలలో పనిచేస్తూ గాంధీగారి సత్యాగ్రహాన్ని శ్రద్ధగా నేర్చుకున్నారు. మాంట్‌గోమరీ ఉద్యమం సంగతి ఆయన మొదట చదివింది నాగపూర్‌లో, వార్తాపత్రికలో! స్వదేశానికి వెళ్ళాక 1957లో కింగ్‌గారిని కలిస్తే, "ఆలస్యం చేయక దక్షిణానికి రండి" అనే భావంతో ఆయన ఆహ్వానించారు. లాసన్‌గారు నాష్‌విల్ పట్టణానికి వెళ్ళారు.

అక్కడ ఒక మెథడిస్టు చర్చి కింది గదిలో కళాశాల విద్యార్థులకు తరగతులు మొదలుపెట్టారు. అవి ఉపన్యాసాలు మాత్రమే కావు. కొందరు కుర్చీల్లో కూర్చునేవారు. మిగిలినవారు దౌర్జన్యం చేసేవారిలా నటిస్తూ బూతులు తిట్టేవారు, ముఖంమీద పొగ ఊదేవారు, కుర్చీలోనుండి కిందికి లాగేవారు. తిరిగి తిట్టకూడదు, చెయ్యి ఎత్తకూడదు. కిందపడితే తలను ఎలా కాపాడుకోవాలో, పక్కవానిని కొడుతుంటే ఎలా అడ్డుపడాలో కూడా నేర్పేవారు. వారం వెంబడి వారం ఇదే అభ్యాసం.

1960 ఫిబ్రవరిలో ఆ పిల్లలు పట్టణంలోని దుకాణాలలో, తెల్లవారికి మాత్రమే భోజనం పెట్టే కౌంటర్ల దగ్గర వెళ్ళి కూర్చున్నారు. మన పల్లె హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవారికి ఆ కౌంటరు ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. ఫిబ్రవరి 27న వారిని కొట్టారు, కాలే సిగరెట్లతో పొడిచారు. పోలీసులు కొట్టినవారిని వదిలి దెబ్బలు తిన్నవారినే అరెస్టు చేశారు. ఏప్రిల్ 19న వారి తరఫు న్యాయవాది ఇంటిమీద బాంబు పడింది. వేలాదిమంది మౌనంగా నగర కార్యాలయానికి నడిచారు. అక్కడ డయాన్ నాష్ అనే విద్యార్థిని, "రంగునుబట్టి మనిషిని వేరుచేయడం న్యాయమేనా?" అని మేయరును సూటిగా అడిగింది. న్యాయం కాదని ఆయన అందరిముందు ఒప్పుకున్నాడు. మే 10న ఆ కౌంటర్లు నల్లజాతివారికి తెరుచుకున్నాయి.

గమనించండి. అహింస అంటే "ఓర్చుకో, నోరు మూసుకో" అని కాదు. 1963లో బర్మింగ్‌హామ్‌లో ఎనిమిదిమంది తెల్లజాతి మతనాయకులు ఇది తగిన సమయం కాదని ఉద్యమాన్ని తప్పుపట్టారు. కింగ్‌గారు జైలులోనుండి, మొదట వార్తాపత్రిక అంచులమీద వ్రాసి, వారికి జవాబిచ్చారు. అన్యాయం పొందినవానికి ఓర్పు బోధించి, అన్యాయం చేసినవానిని ఏమీ అనని బోధ యేసు బోధ కాదు. ఆ విద్యార్థులు అన్యాయాన్ని వదలలేదు, అన్యాయం చేసినవానిని ద్వేషించనూ లేదు. ఈ రెండూ కలిసి ఉండడమే కష్టం. అందుకే అభ్యాసం అవసరమైంది.

ఆ గదిలో నేర్చుకున్నవారిలో జాన్ లూయిస్ ఒకరు. 1961 మే 9న రాక్‌హిల్ పట్టణపు బస్ స్టేషనులో ఆయనను రక్తం వచ్చేలా కొట్టారు. కేసు పెడతారా అని పోలీసులు అడిగితే, వద్దన్నారు. 1965 మార్చి 7న సెల్మాలో పోలీసుల దెబ్బకు ఆయన తల చిట్లింది. ఆ సంవత్సరం ఆగస్టులోనే నల్లజాతివారి ఓటు హక్కును కాపాడే చట్టం వచ్చింది. ఆయన 1987 నుండి 2020లో చనిపోయేవరకు పార్లమెంటు సభ్యునిగా ఉన్నారు.

చట్టాలు గొప్పవే. అయితే దాదాపు 48 ఏళ్ళ తరువాత, 2009లో, ఎల్విన్ విల్సన్ అనే వృద్ధుడు తన కుమారునితో కలిసి ఆయన కార్యాలయానికి వచ్చాడు. రాక్‌హిల్‌లో కొట్టినవారిలో తానొకడినని చెప్పి క్షమించమని అడిగాడు. లూయిస్‌గారు క్షమించి కౌగిలించుకున్నారు. ఇద్దరూ కన్నీరు కార్చారు. ఆ రోజు తిరిగి కొట్టి ఉంటే, ఈ రోజు వచ్చేదా? కేసులో గెలిచి ఉంటే, ఆ మనిషి ఇలా సహోదరుడయ్యేవాడా?

1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో కింగ్‌గారిని కాల్చి చంపారు. పారిశుధ్య కార్మికుల సమ్మెకు సహాయంగా ఆయనను అక్కడికి పిలిచినది లాసన్‌గారే. ఎంత వేదనపడి ఉంటారో! అయినా అహింసను విడిచిపెట్టలేదు. 2024లో, 95వ ఏట మరణించేవరకు దానినే బోధించారు. తుపాకి ఒక నాయకుని చంపగలిగింది గాని, చర్చి కింది గదిలో నేర్చుకున్నదానిని చంపలేకపోయింది.

సహోదరీ సహోదరులారా, మన సంఘాలలో క్రిస్మస్ పాటలకు నెలరోజుల ముందే అభ్యాసం మొదలుపెడతాము. నాటకానికి అభ్యాసం చేస్తాము. మరి శత్రువును ప్రేమించడానికి? పరువు పోయినప్పుడు, కులం పేరుతో అవమానించినప్పుడు, సంఘ కమిటీలో గొడవ జరిగినప్పుడు, పగ లేకుండా నిజం పలకడం మన యౌవనస్థులకు ఎక్కడ నేర్పుతున్నాము? ఈ వారం మీ యౌవనస్థుల కూటంలో ఈ ప్రశ్న అడగండి. దెబ్బ పడినరోజున నేర్చుకుందామంటే అప్పటికే ఆలస్యమౌతుంది.

సిలువమీద తన్ను చంపుతున్నవారికొరకు ప్రార్థించిన ప్రభువు ఈ ప్రేమను మనకు నేర్పును గాక. ఆమేన్.