భూకంపమా, అగ్నియా? – 1906వ సంవత్సరపు గృహనష్టపు తగవులు

ఇల్లు కాలినవానికి సొమ్ము చెల్లించు వ్యాపారము మిక్కిలి ప్రాచీనమైనది కాదు. 1666 సెప్టెంబరులో లండను నగరమున దాదాపు 13,200 గృహములు దగ్ధమైన పిమ్మట, నికొలాస్ బార్బన్ అను ఆయన అగ్నిభీమాను వ్యాపారముగా నెలకొల్పెను. ఇటుక యింటికంటె కొయ్య యింటికి రెట్టింపు రుసుము. అయితే భీమాపత్రము పెట్టెలో నుండుట వేరు, సొమ్ము చేతికందుట వేరు. ఈ రెంటికిని నడుమనున్న దూరమెంతయో శాన్‌ఫ్రాన్సిస్కో నగరవాసులకు తెలిసినట్లు మరియెవ్వరికిని తెలిసియుండదు.

అమెరికా పడమటి తీరమందలి ఆ నగరము 1906 ఏప్రిల్ 18వ తేదీ ఉదయము 5 గంటల 12 నిమిషములకు కంపించెను. కంపము ఒక్క నిమిషము పాటిది. పొగగొట్టములు కూలినవి; భూమిలోని వాయుగొట్టములు పగిలినవి; నీటిగొట్టములు కూడ తెగుటచే మంటలార్పుటకు నీరు కరవయ్యెను. హేస్‌వ్యాలీ అను పేటలో ఒక గృహిణి ఉదయపు వంటకై పొయ్యి రాజవేయగా, బీటవారిన పొగగొట్టమునుండి నిప్పు ఇంటి కొయ్యలకు తగులుకొన్నదట. వండబోయిన పదార్థముల పేరనే ఆ మంటను జనులు ‘పందిమాంసము, కోడిగ్రుడ్ల అగ్ని’ యని పిలిచిరి. అది నగరభవనము వరకు ప్రాకెను. అగ్ని చల్లారునప్పటికి సుమారు 28,000 కట్టడములు నశించినవి. నాలుగు లక్షలమందిలో సగమునకు పైగా నిలువనీడ లేనివారైరి. మృతుల సంఖ్య 3,000 దాటియుండునని తరువాతి పరిశోధకుల నిర్ణయము.

ఇక తగవు. ఆ నగరమున గృహస్థులు చేయించుకొనినది అగ్నిభీమాయే గాని భూకంపపు భీమా కాదు. కదలికవలన గోడ పగిలిన నష్టమునకు కంపెనీ బాధ్యత లేదు. కంపమువలన పుట్టిన నిప్పే ఇల్లు కాల్చినచో, పత్రములో ప్రత్యేకముగా మినహాయింపు లేనంతవరకు బాధ్యత కలదు. ఇంతవరకు సులభమే. కాని పెక్కు పాలసీలలో మరియొక షరతు ఉండెను. కట్టడము గాని, దానిలో ఏ భాగము గాని అగ్నివలన గాక అన్యకారణమున కూలినచో, ఆ క్షణముననే ఆ కట్టడముపై భీమా రద్దగునని దాని భావము. ‘ఏ భాగము గాని’ యన్న ఆ రెండు మూడు మాటలపై కోట్ల డాలర్లు వ్రేలాడినవి. తెల్లవారుజామున గోడ కూలి, సాయంకాలమున ఇల్లు కాలినచో, కాలినది భీమా గల యిల్లా, లేని యిల్లా?

ఈ షరతు సంగతి ప్రజలకు త్వరగానే తెలిసినది. కంపమునకు దెబ్బతిన్న తమ యిండ్లకు కొందరు తామే నిప్పంటించుకొనుచున్నారని అప్పటి సైనికాధికారి యొకడు పైవారికి నివేదించెను. వారిని దొంగలనుట తేలికయే. జీవితమంతయు కూడబెట్టి కట్టిన యిల్లు కన్నుల యెదుట బీటలువారి నిలిచియుండగా, కాలిననే సొమ్ము, కాలకున్న సున్నయని చెప్పు కాగితము చేత నుంచుకొనిన వారి సంకటమును గూడ మనము తలపోయవలెను.

సాక్ష్యము దొరకుట కష్టమయ్యెను. ఇల్లు బూడిదయైన తరువాత, అది కాలుటకు ముందు నిలిచియున్నదో కూలియున్నదో చెప్పగలవారెవరు? ఆర్నాల్డ్ గెంథే అను ఛాయాచిత్రకారుడు ఆ ఉదయము శాక్రమెంటో వీధిలో తీసిన చిత్రమొకటి ప్రసిద్ధము. ముందుగోడ వీధిలోనికి కూలిన ఇల్లొకటి, చూచుచు నిలిచిన జనము, దూరమున పైకిలేచు పొగ – మూడును అందు కానవచ్చును. నిలిచియున్న యింటి చిత్రము గృహస్థునికి సాక్ష్యము, కూలిన యింటి చిత్రము కంపెనీకి సాక్ష్యము. పొగగొట్టమో, గోడపూతయో రాలినంతమాత్రమున ఇల్లు కూలినట్లు కాదనియు, ముఖ్యభాగమే పడవలెననియు న్యాయస్థానములు అర్థము చెప్పుచు వచ్చినవి.

పత్రములు సైతము కాలినవి. నష్టపు వివరమును 60 దినములలో వ్రాసి యీయవలెనని పాలసీ నియమము, పాలసీయే లేదు! ఇనుప గదులలో దాచిన కాగితములకును గండము తప్పలేదు. ఆ గదులను వేడి తగ్గకముందే తెరచినచో, గాలి సోకగనే లోనివి భగ్గున మండెడివి; కావున దినములకొలది వేచియుండిరి. గ్రంథాలయ పాఠకులు ఒక్క మాట వినవలెను: అచ్చటి మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ గ్రంథాలయము సర్వము కాలిపోయెను. 1905లో విశ్వవిద్యాలయము కొనిన బాంక్రాఫ్ట్ గ్రంథభాండారము మాత్రము, మంటలు తనదాక రానందున దక్కినది.

భీమా సంస్థల నడవడి వేర్వేరుగా నుండెను. లండను లాయిడ్స్‌కు చెందిన కత్బర్ట్ హీత్, షరతులతో పనిలేక అందరికిని పూర్తిగా చెల్లింపుమని తన ప్రతినిధికి తంతి నంపెను. స్థానికమైన ఫైర్‌మన్స్ ఫండ్ కంపెనీ తన కార్యాలయమును, లెక్కపుస్తకములను గూడ కోల్పోయి, కొంత రొక్కముగాను కొంత క్రొత్త కంపెనీ వాటాలుగాను ఇచ్చి నిలదొక్కుకొనెను. మరికొన్ని ముప్పాతిక మాత్రమే ఇత్తుమనెను. ‘బిట్’ అనగా డాలరులో ఎనిమిదవ వంతు, మన పాత బేడవంటిది. కావున జనులు వాటిని ‘ఆరుబేడల కంపెనీ’లని ఎత్తిపొడిచిరి. ఐరోపా ఖండపు కంపెనీలు కొన్ని బాధ్యతయే లేదని చేతులు దులుపుకొనినవి. అమెరికాలో పలు కంపెనీలు దివాలాయెత్తినవి. 1909లో కాలిఫోర్నియా రాష్ట్రము అగ్నిభీమా పత్రమునకు ఒకే నమూనాను చట్టముచే విధించెను.

మన దేశములో 2021 ఏప్రిల్ 1 నుండి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో అగ్నితోపాటు భూకంపము, తుపాను, వరద కూడ చేరియున్నవి. కావున శాన్‌ఫ్రాన్సిస్కో వారి ఆ పాత ప్రశ్న మనకు చాలవరకు తప్పినది. తీరజిల్లాల వారికిది చిన్న సంగతి కాదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును హుద్‌హుద్ తుపాను ఎట్లు ఊడ్చినదో చూచినవారు మనలో గలరు. అయినను తగవు వేరొక రూపమున మిగిలియున్నది. నిర్ణీత పరిమితిని మించిన నష్టమును పరిశీలించుటకు వచ్చు సర్వేయరు గోడమీది బీటను చూచి, ఇది ఈ తుపానుదా, ఏండ్లతరబడి పునాది క్రుంగుటచే వచ్చినదా యని అడుగును. పాతబడి శిథిలమైన దానికి భీమా వర్తింపదు. అప్పుడు గృహస్థునికి ఆధారము, అంతకుముందు గోడ ఎట్లుండెనో చూపు తేదీగల ఛాయాచిత్రము, మరమ్మతుల రసీదులు, పాలసీ ప్రతి – అదియు ఆ యింటిలోగాక మరియొకచోట దాచినది.