యువకులలో బట్టతల: అవగాహన, చికిత్సల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

యువకులలో తలవెంట్రుకలు రాలి బట్టతల ఏర్పడడం అతిప్రాచీనమైన సమస్య. దాని కారణాన్ని అన్వేషించే ప్రయత్నమూ, దానిని మాన్పే ప్రయత్నమూ వేల ఏళ్లుగా సాగుతున్నాయి. అయితే ఈ రెండూ కలిసి నడవలేదు. కారణం తెలియక ముందే మందులు పుట్టాయి. కారణం తెలిసిన తరువాత కూడా పాత మందులపై నమ్మకం చెదరలేదు. ఈజిప్టు, గ్రీకు, భారతీయ వైద్యగ్రంథాల నుండి 20వ శతాబ్దపు హార్మోన్ పరిశోధనల వరకు ఈ అవగాహన ఎలా మారుతూ వచ్చిందో పరిశీలించడం, సంప్రదాయ చికిత్సలకు కీర్తి ఎలా లభించిందో వివరించడం, నేటి యువకుడికి ఈ చరిత్ర ఏ విధంగా ఉపయోగపడుతుందో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: బట్టతల, ఖాలిత్యం, ఇంద్రలుప్తం, పేనుకొరుకుడు, హార్మోన్, మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్.

1. ఉపోద్ఘాతం

ఇరవై ఏళ్ల యువకుడికి నుదుటికి ఇరుపక్కలా వెంట్రుకలు పలచబడడం మొదలైతే ఇంటిల్లిపాదీ తలా ఒక కారణం చెబుతారు. ఊరు మారి నీళ్లు పడలేదంటారు, హాస్టలు తిండి అంటారు, హెల్మెట్ అంటారు, తలకు నూనె పెట్టుకోకపోవడమే అంటారు. పెళ్లిచూపుల ప్రస్తావన వచ్చేసరికి ఇది పరిహాసం స్థాయిని దాటి మనోవేదనగా మారుతుంది. 2021లో విడుదలైన 'నూటొక్క జిల్లాల అందగాడు' చిత్రంలో కథానాయకుడు బట్టతలను విగ్గు కింద దాచుకొని బతికే యువకుడు. ఒక చలనచిత్రానికి ఇతివృత్తం కాగలిగినంతగా ఈ వేదన మన సమాజంలో పాతుకొని ఉంది.

పైన చెప్పిన కారణాలలో ఏదీ పురుషులలో వచ్చే సాధారణ బట్టతలకు మూలకారణం కాదు. మరి అవి ఇంత బలంగా ఎందుకు నిలిచి ఉన్నాయి? ఈ ప్రశ్నకు సమాధానం వైద్యశాస్త్రంలో కంటే వైద్యచరిత్రలో సులభంగా దొరుకుతుంది.

2. ప్రాచీన ప్రపంచం: సరైన పరిశీలన, సరికాని వివరణ

క్రీ.పూ. 1550 ప్రాంతానికి చెందిన ఈజిప్టు వైద్యగ్రంథం ఎబెర్స్ పాపిరస్‌లో బట్టతలకు మందు ఉంది. సింహం, నీటిగుర్రం, మొసలి, పిల్లి, పాము, కొండమేక - ఈ ఆరింటి కొవ్వును కలిపి తలకు పట్టించాలని అందులోని ఒక యోగం చెబుతుంది. బలమైన జంతువుల సారం మనిషి తలకు బలమిస్తుందన్న ఊహ దీని వెనుక ఉన్నట్లు కనిపిస్తుంది.

గ్రీకు వైద్యుడు హిప్పోక్రాటిస్ పేరిట లభించే సూత్రాలలో ఒకటి ఈ చరిత్ర మొత్తానికీ కీలకమైనది. బాల్యంలోనే వృషణాలను కోల్పోయిన పురుషులకు బట్టతల రాదని అందులో ఉంది. తరువాతి కాలంలో అరిస్టాటిల్ కూడా పిల్లలకు, స్త్రీలకు, అటువంటి పురుషులకు బట్టతల రాకపోవడాన్ని గుర్తించాడు. పరిశీలన వరకు ఇద్దరూ సత్యానికి చాలా దగ్గరగా వచ్చారు. కాని అరిస్టాటిల్ ఇచ్చిన వివరణ వేరు. సంభోగం వల్ల శరీరంలోని సహజమైన వేడి తగ్గి మెదడు చల్లబడుతుందని, అందువల్ల వెంట్రుకలు రాలుతాయని ఆయన భావించాడు. బట్టతలను నడవడికతో ముడిపెట్టే అపోహకు ఇది ఒక ప్రాచీన రూపం.

రోమన్ చరిత్రకారుడు సుటోనియస్ జూలియస్ సీజర్ గురించి చెప్పిన విషయం సామాజిక కోణాన్ని చూపుతుంది. తన బట్టతలపై శత్రువులు వేసే పరిహాసాలకు సీజర్ బాధపడేవాడని, వెనుక వెంట్రుకలను ముందుకు దువ్వుకునేవాడని, తనకు లభించిన గౌరవాలన్నింటిలోనూ ఎల్లప్పుడూ పత్రకిరీటం ధరించే హక్కును ఎక్కువ ఇష్టంగా స్వీకరించాడని ఆయన రాశాడు. మహాసామ్రాజ్యాన్ని శాసించినవాడికి సైతం ఈ విషయంలో తప్పించుకునే మార్గం లేకపోయింది.

3. ఆయుర్వేద దృష్టి: ఇంద్రలుప్తం, ఖాలిత్యం

సుశ్రుతసంహిత ఈ వ్యాధిని క్షుద్రరోగాలలో చేర్చింది. వాతంతో కూడిన పిత్తం రోమకూపాలను చేరి వెంట్రుకలను రాలుస్తుందని, ఆపై రక్తంతో కూడిన కఫం ఆ రోమకూపాలను మూసివేయడం వల్ల కొత్త వెంట్రుకలు మొలవవని వివరించింది. రాలడం ఒక దశ, తిరిగి మొలవకపోవడం మరొక దశ అన్న ఈ విభజన గమనించదగినది. చరకసంహిత దేహోష్మం వాతాదులతో కూడి కేశభూమిని దహించడం వల్ల ఖాలిత్యం కలుగుతుందని చెప్పింది.

వాగ్భటుడు అష్టాంగహృదయంలో మరొక అడుగు ముందుకు వేశాడు. ఇంద్రలుప్తం, ఖలతి పుట్టే తీరు ఒకటే అయినా ఖలతిలో వెంట్రుకలు క్రమక్రమంగా రాలుతాయని భేదం చూపాడు. అంతేకాక త్రిదోషజమైన ఖలతి అసాధ్యమని అంగీకరించాడు. వైద్యానికి లొంగే దానినీ, లొంగని దానినీ వేరుచేసి చెప్పడం శాస్త్రీయమైన నిజాయితీ.

తెలుగు వాడుకలోనూ ఈ భేదం ఉంది. తలపైగానీ గడ్డంలోగానీ రూపాయి బిళ్లంత మేర ఒక్కసారిగా వెంట్రుకలు ఊడిపోతే దానిని 'పేనుకొరుకుడు' అంటాం. క్రమంగా పలచబడితే 'బట్టతల' అంటాం. పేనుకొరుకుడులో పేను ప్రమేయం ఏమీ లేదు. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ తన కేశమూలాలపైనే దాడి చేయడం వల్ల అది వస్తుంది. పేరు చెప్పే కారణం తప్పే అయినా, పేరు వేరుగా పెట్టిన చూపు సరైనది.

4. మందులకు కీర్తి ఎలా వచ్చింది?

వెంట్రుకలు రాలడానికి దారితీసే మూడు స్థితులను ఇక్కడ వేరుచేసి చూడాలి. మొదటిది పేనుకొరుకుడు. చిన్న మచ్చలైతే చాలామందిలో కొన్ని నెలలకు వాటంతట అవే పూడుకుంటాయి. రెండవది టైఫాయిడ్ వంటి తీవ్రజ్వరం, శస్త్రచికిత్స, ఆహారలోపం లేదా తీవ్రమైన మానసిక ఒత్తిడి తరువాత రెండు మూడు నెలలకు తలంతా వెంట్రుకలు రాలడం. కారణం తొలగితే ఇదీ సాధారణంగా దానంతట అదే సర్దుకుంటుంది. మూడవది వంశపారంపర్యంగా వచ్చే పురుషుల బట్టతల. ఇది మాత్రం దానంతట అది తగ్గదు.

గురివింద గింజల లేపనం ఇంద్రలుప్తానికి వైద్యగ్రంథాలలో ప్రసిద్ధం. గుంటగలగర ఆకు, మందార పువ్వు వేసి కాచిన నూనె తెలుగు ఇళ్లలో తరతరాలుగా ఉంది. జ్వరం తగ్గిన తరువాత జుట్టు రాలుతున్న పిల్లవాడికి అమ్మమ్మ నూనె కాచి రాసింది. ఆరునెలలకు జుట్టు వచ్చింది. ఆ నూనె రాయకపోయినా జుట్టు వచ్చేదే. అయినా కీర్తి నూనెకే దక్కింది. అలా మొదటి రెండు స్థితులలో సంపాదించిన కీర్తితో ఆ మందులు మూడవ స్థితిలోకి ప్రవేశించాయి. వాగ్భటుడు చూపిన భేదాన్ని అంగడి చెరిపివేసింది. ఈ వ్యాసం ప్రధానంగా ప్రతిపాదించే విషయం ఇదే.

5. దారితప్పిన సిద్ధాంతాలు

ఫ్రాన్సు రాజు 13వ లూయీ ఇరవైల వయసులోనే జుట్టు కోల్పోయి విగ్గు ధరించడం మొదలుపెట్టాడు. రాజు లోపం రాజసభకు అలంకారమైంది. 17, 18 శతాబ్దాల యూరప్‌లో విగ్గు హోదాకు చిహ్నంగా స్థిరపడింది. ఇది వైద్యం కాదు గాని, లోపాన్ని దాచడం సామాజిక మర్యాదగా మారగలదనడానికి నిదర్శనం.

19వ శతాబ్దం చివర సూక్ష్మజీవుల సిద్ధాంతం విజయపథంలో ఉండగా ఫ్రెంచ్ చర్మవైద్యుడు రేమండ్ సబురో బట్టతలకు ఒక సూక్ష్మజీవి కారణమని వాదించాడు. బిగుతైన టోపీలు తలకు రక్తప్రసారాన్ని అడ్డుకుంటాయన్న వాదమూ ఆ కాలంలో ప్రచారంలో ఉండేది. నాటి టోపీ స్థానంలో నేడు హెల్మెట్ వచ్చింది. వాదం మాత్రం అదే. కిరీటం ధరించని తలలూ బట్టతలలవుతాయన్న చిన్న పరిశీలన ఈ సిద్ధాంతాన్ని నిలవనీయదు.

1916లో డొరోథీ ఆస్బోర్న్ బట్టతల వంశపారంపర్యాన్ని పరిశోధించి ప్రచురించడంతో చర్చ కుటుంబం వైపు మళ్లింది. తల్లి తండ్రికి బట్టతల ఉంటేనే మనవడికి వస్తుందన్న జనాభిప్రాయంలో కొంత నిజం లేకపోలేదు. పురుష హార్మోన్‌ను గ్రహించే జన్యువు తల్లినుండి వచ్చే ఎక్స్ క్రోమోజోముపై ఉంది. కాని దీనితో ముడిపడిన జన్యుస్థానాలు వందలలో ఉన్నాయని, తండ్రి వైపునుండి వచ్చేవీ అందులో ఉన్నాయని తరువాతి పరిశోధనలు తేల్చాయి.

6. హామిల్టన్ పరిశోధన (1942)

హిప్పోక్రాటిస్ సూత్రాన్ని రెండువేల ఏళ్లకు పైగా గడిచాక ప్రయోగంతో పరీక్షించినవాడు అమెరికా శరీరశాస్త్రవేత్త జేమ్స్ హామిల్టన్. యౌవనానికి ముందే వృషణాలు కోల్పోయిన, లేదా లైంగిక పరిణతి పొందని పురుషులను ఆయన పరిశీలించాడు. వారిలో బట్టతల కనిపించలేదు. వారికి టెస్టోస్టిరాన్ ఇచ్చినప్పుడు, కుటుంబంలో బట్టతల ఉన్నవారిలో వెంట్రుకలు పలచబడడం మొదలైంది. హార్మోన్ ఆపగానే ఆ క్రమం ఆగిందేగాని పోయిన జుట్టు తిరిగి రాలేదు.

దీని నుండి వంశపారంపర్యం, పురుష హార్మోన్, వయస్సు - ఈ మూడూ కలిస్తేనే బట్టతల వస్తుందని ఆయన నిర్ధారించాడు. బట్టతల ఉన్నవారిలో హార్మోన్ అధికంగా ఉంటుందని దీని అర్థం కాదు. హార్మోన్ మామూలుగానే ఉంటుంది. దానికి కేశమూలం స్పందించే తీరులోనే తేడా. అరిస్టాటిల్ నాటినుండి వచ్చిన నడవడిక అపోహ ఇక్కడితో తొలగిపోవలసింది. 1951లో హామిల్టన్ బట్టతల దశలను వర్గీకరించగా, 1975లో ఓ'టార్ నార్వుడ్ దానిని సవరించి ఏడు దశలుగా స్థిరపరిచాడు. వైద్యులు నేటికీ ఈ వర్గీకరణనే అనుసరిస్తున్నారు.

7. అనుకోకుండా దొరికిన మందులు

అవగాహన ఒక దారిలో వచ్చింది. మందులు మరొక దారిలో వచ్చాయి. మినాక్సిడిల్ అమెరికాలో 1979లో తీవ్ర రక్తపోటుకు మాత్రగా ఆమోదం పొందింది. దానిని వాడినవారికి ముఖంపైనా, చేతులపైనా వెంట్రుకలు పెరిగాయి. 1980లో ఒక రోగి బట్టతలపై జుట్టు మొలిచిన సంగతి వైద్యపత్రికలో వెలువడింది. దుష్ప్రభావంగా భావించినదే ప్రయోజనంగా మారింది. తలకు రాసుకునే 2 శాతం ద్రావణానికి 1988లో ఆమోదం లభించింది. అది కేశమూలంలో ఎలా పనిచేస్తుందో నేటికీ పూర్తిగా తేలలేదు.

రెండవ మందు వెనుక డొమినికన్ రిపబ్లిక్‌లోని ఒక గ్రామం ఉంది. పుట్టుకతో ఆడపిల్లలుగా భావించి పెంచిన కొందరు పిల్లలు యౌవనంలో పురుషులుగా పరిణమించడాన్ని 1974లో జూలియాన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం వివరించింది. టెస్టోస్టిరాన్‌ను డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మార్చే ఎంజైమ్ వారిలో లోపించింది. వారి ప్రోస్టేట్ గ్రంథి చిన్నదిగా ఉండిపోయింది. నుదుటి వెంట్రుకలు వెనక్కి పోలేదు. ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే ఫినాస్టెరైడ్ 1992లో ప్రోస్టేట్ వాపుకు, 1997లో 1 మిల్లీగ్రాము మోతాదులో బట్టతలకు ఆమోదం పొందింది. 18 నుండి 41 ఏళ్ల వయసున్న 1553 మందిపై జరిగిన పరీక్షలో రెండేళ్ల తరువాత, ఛాయాచిత్రాల ఆధారంగా మందు వాడినవారిలో 66 శాతం మందికి, మందులేని మాత్ర వాడినవారిలో 7 శాతం మందికి మెరుగుదల కనిపించింది.

అయితే ఈ రెండు మందులూ వాడినంత కాలమే పనిచేస్తాయి. ఫినాస్టెరైడ్ వల్ల కొందరిలో లైంగిక సమస్యలు తలెత్తుతాయని, మందు ఆపాక కూడా అవి కొనసాగినట్లు ఫిర్యాదులున్నాయని 2012లో అమెరికా నియంత్రణ సంస్థ హెచ్చరికలో చేర్చింది. ఆత్మహత్య ఆలోచనలను ఈ మందు దుష్ప్రభావంగా 2025లో యూరప్ ఔషధ సంస్థ నిర్ధారించింది. వైద్యుడి సలహా లేకుండా వాడదగిన మందు ఇది కాదు.

శస్త్రచికిత్స చరిత్ర కూడా సూటిగా సాగలేదు. 1939లో జపాన్ వైద్యుడు షోజి ఒకుడా కేశమార్పిడి విధానాన్ని ప్రచురించినా, యుద్ధకాలం కారణంగా అది పాశ్చాత్య దేశాలకు చేరలేదు. న్యూయార్క్‌లో నార్మన్ ఒరెంట్రైక్ 1950లలో స్వతంత్రంగా దీనిని చేపట్టాడు. తలవెనుక భాగపు కేశమూలాలను ముందుకు మార్చినా అవి తమ స్వభావాన్ని కోల్పోవని 1959లో ఆయన ప్రకటించాడు. బట్టతల కారణం తలపై నీళ్లలోనో టోపీలోనో కాక కేశమూలంలోనే ఉందనడానికి ఇంతకంటే ప్రత్యక్ష సాక్ష్యం అక్కరలేదు.

8. చట్టం, అంగడి

భారతదేశంలో ఔషధ నియమావళిలోని 'జె' షెడ్యూలు ఏ వ్యాధులను నయం చేస్తామని ఔషధాలపై ప్రకటించుకోరాదో పేర్కొంటుంది. బట్టతల ఆ జాబితాలో ఉంది. అమెరికాలో 1989లో, చీటీ లేకుండా అమ్మే కేశవర్ధక మందులేవీ సమర్థమైనవిగా రుజువు కాలేదంటూ వాటి అమ్మకాన్ని నిషేధించారు. అయినా నూనెల ప్రకటనలు తగ్గలేదు. 'నయం చేస్తుంది' అన్న మాట బదులు 'పోషణనిస్తుంది' అన్న మాట వచ్చింది. చట్టం మాటను పట్టుకోగలదు గాని ఆశను పట్టుకోలేదు.

9. ముగింపు

ఈ పరిశీలన నుండి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, బట్టతల గురించి సరైన పరిశీలనలు ప్రాచీనకాలంలోనే ఉన్నాయి, లోపించినది పరీక్ష. రెండవది, మందులు పొందిన కీర్తిలో అధికభాగం వాటంతట అవే తగ్గే స్థితుల నుండి వచ్చింది. కాబట్టి జుట్టు రాలుతున్న యువకుడు మొదట తెలుసుకోవలసినది తనది ఏ స్థితి అన్నది. రోజుకు యాభై నుండి వంద వెంట్రుకలు రాలడం సహజమే. జ్వరం తరువాత రాలితే ఓపిక చాలు. మచ్చలుగా ఊడితే చర్మవైద్యుడిని చూడాలి. నుదురు, నడినెత్తి క్రమంగా పలచబడితే తొలిదశలోనే నిర్ణయం తీసుకోవాలి. ఎందుకంటే ఉన్న జుట్టును నిలపడం సాధ్యమైనంతగా పోయిన జుట్టును రప్పించడం సాధ్యం కాదు. హామిల్టన్ పరిశోధన ఈ సంగతిని 1942లోనే తెలిపింది.

మూడవది, చికిత్స తీసుకోకపోవడం కూడా ఒక నిర్ణయమే. తిరుమలలో తలనీలాలు సమర్పించి గుండుతో ఇంటికి వచ్చినవాడిని ఎవరూ పరిహసించరు. అదే తల, అదే నున్నదనం; మారినది చూసేవారి భావం మాత్రమే. బట్టతల ప్రాణానికి హాని చేయదు. హాని చేస్తున్నది దాని చుట్టూ అల్లుకున్న నింద. ఆ నిందకు శాస్త్రీయమైన ఆధారం ఏనాడూ లేదని ఈ చరిత్ర నిరూపిస్తున్నది.